లాప్‌టాప్ లేవకపోతే ఏం చేయాలి?

మీటింగు ముందు రోజు

ఒక ఊళ్ళో పొదుపు సంఘం ఉంది. ఆ సంఘం లీడరమ్మకు ఒక కూతురు. డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. కూతురి చదువు కోసం లీడరమ్మ సంఘంలో అప్పు తీసుకుంది. ఒకరు వాడిన లాప్‌టాప్ కొనిచ్చింది.

కూతురు దానిమీద కాలేజీ పని చేసుకుంటుంది. నెలకోసారి సంఘం లెక్కలు కూడా ఎక్కిస్తుంది. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరి అప్పు ఎంత తీరింది, అన్నీ అందులో ఉంటాయి. మొదట్లో పుస్తకంలో కూడా రాసేవాళ్ళు. "లాప్‌టాప్‌లో ఉంది కదా, రెండుసార్లు రాయడం ఎందుకు?" అని నాలుగు నెలలుగా పుస్తకం రాయడం మానేశారు.

మర్నాడు మీటింగు. సాయంత్రం కూతురు లాప్‌టాప్ తెరిచింది. బటన్ నొక్కింది. తెర వెలగలేదు. మళ్ళీ నొక్కింది. తెర నల్లగానే ఉంది.

"ఇది చచ్చిపోయిందమ్మా!" అంది కూతురు ఏడుపు గొంతుతో.

తల్లి గుండె జారిపోయింది. నాలుగు నెలల లెక్క అందులోనే ఉంది. సంఘంలో ఒకామె రెండు వాయిదాలు డబ్బు చేతికిచ్చి కట్టింది. ఆమె కట్టినట్టు వేరే కాగితం లేదు. రేపు ఆమె "నా లెక్క ఏది?" అంటే ఏం చెప్పాలి? పదిమంది ఆడవాళ్ళు ఒకరినొకరు నమ్మి నడుపుకుంటున్న సంఘం అది.

తల్లికి లాప్‌టాప్ సంగతి తెలియదు. బోరు మోటారు సంగతి తెలుసు. మోటారు తిరగకపోతే అది కాలిపోయిందని ఎవరూ వెంటనే అనరు. ముందు కరెంటు వచ్చిందా అని చూస్తారు. తర్వాత ఫీజు చూస్తారు. తర్వాత స్టార్టరు చూస్తారు. ఇవన్నీ చూశాకే మోటారును బోరులోంచి పైకి లాగుతారు. ఎందుకంటే లాగడం ఖర్చుతో కూడిన పని.

"దీనికి కూడా అట్లాంటి వరుస ఒకటి ఉండదా?" అని అడిగింది తల్లి.

ఉంది. ఆ వరుస ఏమిటో తెలుసుకుంటే సగం భయం పోతుంది. అనవసరమైన ఖర్చు కూడా తప్పుతుంది.

లాప్‌టాప్ ఎట్లా లేస్తుంది?

తెల్లవారుజామున ఇంట్లో ముందుగా లేచే మనిషి ఎవరు? చాలా ఇళ్ళలో ఇల్లాలే. ఆమె లేచి అన్నీ చూసుకుంటుంది. నీళ్ళు ఉన్నాయా, గ్యాసు ఉందా, పాలు వచ్చాయా అని చూస్తుంది. అన్నీ సరిగా ఉంటే మిగతావాళ్ళను లేపుతుంది. తర్వాత ఇల్లంతా పనిలో పడుతుంది.

లాప్‌టాప్ కూడా ఇట్లాగే లేస్తుంది. అది లేవడంలో నాలుగు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు: కరెంటు అందాలి. చార్జర్ నుంచి గానీ, లోపలి బ్యాటరీ నుంచి గానీ అందాలి.

రెండో మెట్టు: లోపల ఒక చిన్న ప్రోగ్రామ్ ముందుగా మేలుకుంటుంది. దాన్ని బయాస్ అంటారు. అది మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, తెర ఉందా అని పరీక్ష చేస్తుంది. ఆ సమయంలోనే తెరమీద కంపెనీ గుర్తు కనిపిస్తుంది.

మూడో మెట్టు: బయాస్ డిస్క్ దగ్గరికి పోతుంది. అక్కడ విండోస్‌ను వెతుకుతుంది. చాలా లాప్‌టాప్‌లను నడిపేది ఈ విండోసే. ఇంటిని నడిపే పెద్ద దిక్కు లాంటిది.

నాలుగో మెట్టు: విండోస్ లేస్తుంది. మిగతా ప్రోగ్రాములను లేపుతుంది. చిన్న చిన్న చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. తర్వాత పాస్‌వర్డ్ అడుగుతుంది.

డిస్క్ అంటే ఏమిటి? మెమరీ అంటే ఏమిటి? డిస్క్ ఇంట్లో గాదె లాంటిది. గాదెలో పోసిన ధాన్యం అక్కడే ఉంటుంది. అట్లాగే డిస్క్‌లో దాచినవి కరెంటు పోయినా ఉంటాయి. మెమరీ వంటగట్టు లాంటిది. ఆ పూట వంటకు కావలసినవి గట్టుమీద పెట్టుకుంటారు. వంట అయ్యాక తీసేస్తారు. మెమరీలో ఉన్నవి లాప్‌టాప్ ఆపగానే పోతాయి.

అందుకే లాప్‌టాప్ లేవనప్పుడు "పాడైపోయింది" అనుకోకూడదు. "ఏ మెట్టు దగ్గర ఆగింది?" అని చూడాలి.

ముందు కరెంటు చూడాలి

తల్లీ కూతురూ మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టారు.

చార్జర్ పెట్టిన సాకెట్‌లో కరెంటు ఉందా? ఇది తెలుసుకోవడం సులువు. అదే సాకెట్‌లో సెల్‌ఫోన్ చార్జర్ పెట్టి చూడాలి. సెల్‌ఫోన్ చార్జింగు ఎక్కితే సాకెట్ బాగున్నట్టే. ఎక్కకపోతే తప్పు లాప్‌టాప్‌ది కాదు.

కూతురు పెట్టి చూసింది. సెల్‌ఫోన్ చార్జింగు ఎక్కలేదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వదులైపోయింది. రెండు రోజులుగా లాప్‌టాప్ చార్జింగు ఎక్కనే లేదు. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయింది. చార్జర్‌ను గోడ సాకెట్‌లో పెట్టారు. లాప్‌టాప్ పక్కన చిన్న దీపం వెలిగింది.

బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయినప్పుడు వెంటనే లేవకపోవచ్చు. అరగంట చార్జింగు పెట్టి ఉంచాలి. అప్పుడు బటన్ నొక్కాలి.

దీపం వెలిగినా లేవకపోతే ఇంకొక పని చేయవచ్చు. చార్జర్ తీసేయాలి. పెన్‌డ్రైవ్, మౌస్ వంటివి ఉంటే అవి కూడా తీసేయాలి. పవర్ బటన్‌ను ముప్ఫై సెకన్లు నొక్కి పట్టుకోవాలి. నెమ్మదిగా ముప్ఫై అంకెలు లెక్కపెడితే చాలు. లోపల అక్కడక్కడా మిగిలిన కరెంటు పోతుంది. తర్వాత చార్జర్ పెట్టి మామూలుగా బటన్ నొక్కాలి. చాలాసార్లు దీనితోనే లేస్తుంది. ఇందువల్ల డిస్క్‌లో దాచినవి ఏమీ పోవు.

చార్జర్ పాడైతే పక్కింటివాళ్ళది తెచ్చి పెట్టవచ్చా? తొందరపడి పెట్టకూడదు. చార్జర్ డబ్బా మీద అంకెలు ఉంటాయి. వాటిని చదవాలి. ఇంట్లోకి వచ్చే కరెంటు 230 వోల్టులు. చార్జర్ దాన్ని తగ్గించి లాప్‌టాప్‌కు ఇస్తుంది. చాలా చార్జర్ల మీద 19 అనో, 19.5 అనో, 20 అనో వోల్టులు రాసి ఉంటాయి. రెండు చార్జర్ల మీద వోల్టుల అంకె ఒకటే ఉండాలి. ఆంపియర్ల అంకె పాత దానితో సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి. పిన్ను దూరింది కదా అని ఏదో ఒకటి పెడితే లాప్‌టాప్ పాడవుతుంది. అంకెలు చదవడం వచ్చిన వాళ్ళెవరైనా ఈ పని చేయగలరు.

ఉరుములు, మెరుపులు వచ్చేటప్పుడు చార్జర్ సాకెట్‌లోంచి తీసేయడం మంచిది.

బ్యాటరీ ఉబ్బితే ప్రమాదం

ఒక్క విషయంలో మాత్రం వెంటనే ఆగిపోవాలి. లాప్‌టాప్‌ను బల్లమీద పెడితే కదులుతోందా? అడుగు భాగం ఉబ్బిందా? కీబోర్డు పైకి లేచిందా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బినట్టు. ఇక చార్జింగు పెట్టకూడదు. ఆన్ చేయకూడదు. గుచ్చకూడదు, నొక్కకూడదు. అట్లాంటి బ్యాటరీకి నిప్పు అంటుకోవచ్చు. పిల్లలకు అందకుండా పెట్టి షాపుకు తీసుకుపోవాలి. పాత బ్యాటరీని చెత్తకుప్పలో పడేయకూడదు.

తెర చీకటి, లోపల వెలుగు

కొన్నిసార్లు లాప్‌టాప్ లేస్తుంది. తెర మాత్రం వెలగదు. చూసేవాళ్ళకు లాప్‌టాప్ లేవలేదని అనిపిస్తుంది. రెండిటికీ తేడా ఎట్లా తెలుస్తుంది?

చెవి పెట్టి వినాలి. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోందా? కీబోర్డు ఎడమపక్క క్యాప్స్ లాక్ అనే మీట ఉంటుంది. చాలా లాప్‌టాప్‌లలో దానికి చిన్న దీపం ఉంటుంది. ఆ మీట నొక్కితే దీపం వెలిగి, మళ్ళీ నొక్కితే ఆరిపోతోందా? అయితే లోపల ప్రాణం ఉంది. తెరదే తప్పు.

అప్పుడు గదిలో దీపం ఆర్పి, టార్చిలైటు తెరమీద పక్కనుంచి వేసి చూడాలి. మసకమసకగా బొమ్మ కనిపిస్తే తెర వెనక దీపం పోయినట్టు. ఇంట్లో టీవీ ఉంటే ఇంకొక పరీక్ష ఉంది. హెచ్‌డీఎంఐ అనే వైరుతో లాప్‌టాప్‌ను టీవీకి కలపాలి. టీవీలో బొమ్మ వస్తే లాప్‌టాప్ బాగున్నట్టే. తెర గానీ, తెర వైరు గానీ బాగు చేయిస్తే సరిపోతుంది. అంతవరకు టీవీమీద పని చేసుకోవచ్చు.

ఇంకొన్నిసార్లు తెర నల్లగా ఉండి "బీప్, బీప్" అని చప్పుడు వస్తుంది. అది బయాస్ చెప్పే మాట. పరీక్షలో ఏదో తప్పిందని అర్థం. చాలాసార్లు మెమరీ పలక వదులవడం వల్ల ఇట్లా వస్తుంది. ఎన్నిసార్లు బీప్ మోగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకోవాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క ఉంటుంది. బాగుచేసే మనిషికి ఆ లెక్క పనికి వస్తుంది.

తెరమీద అక్షరాలు వస్తే

లీడరమ్మ ఇంట్లో అరగంట గడిచింది. కూతురు బటన్ నొక్కింది. ఈసారి కంపెనీ గుర్తు వచ్చింది. ఇద్దరి ముఖాలూ వెలిగాయి. చుక్కలు తిరిగాయి. చాలాసేపు తిరిగాయి. తర్వాత తెర నల్లబడి తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

కూతురు విసుగుతో ఆపేయబోయింది. తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఆగమ్మా. అది ఏదో చెబుతోంది. ముందు రాసుకో" అంది.

కూతురు సెల్‌ఫోన్‌తో ఫోటో తీసింది. తల్లి పుస్తకంలో ఆ అక్షరాలను చూసి చూసి గీసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా ఒక్కొక్క గీత చూసి అట్లాగే దించింది.

తెరమీద వచ్చిన మాటలు చాలా విలువైనవి. డాక్టరుకు రోగి చెప్పుకునే బాధ లాంటివి అవి. వాటిని రాసుకోకుండా ఆపేస్తే మళ్ళీ రాకపోవచ్చు.

"నో బూటబుల్ డివైస్" అని వచ్చిందా? విండోస్ ఉన్న డిస్క్ కనిపించలేదని దాని అర్థం. మూడో మెట్టు దగ్గర ఆగిందన్న మాట. ముందుగా పెన్‌డ్రైవ్ ఏదైనా పెట్టి మరిచిపోయారేమో చూడాలి. లాప్‌టాప్ పెన్‌డ్రైవ్‌లో విండోస్‌ను వెతుకుతూ ఉండవచ్చు. తీసేసి మళ్ళీ ఆన్ చేస్తే లేస్తుంది. అప్పటికీ అదే మాట వస్తే డిస్క్ వదులై ఉండవచ్చు, లేకపోతే పాడై ఉండవచ్చు.

నీలం తెర వచ్చిందా? అయితే విండోస్‌లో ఏదో తప్పు జరిగింది. విండోస్ 11లో 2025 నుంచి ఈ తెర నలుపు రంగులో వస్తోంది. కిందిభాగంలో తప్పు పేరు ఉంటుంది. దాన్నే రాసుకోవాలి.

"అప్‌డేట్" అని వచ్చి పక్కన అంకెలు పెరుగుతున్నాయా? అది తప్పు కాదు. విండోస్ తనను తాను సరిచేసుకుంటోంది. అప్పుడు చార్జర్ పెట్టి ఉంచాలి. ఆలస్యమైనా ఆగాలి. మధ్యలో ఆపితే కొత్త చిక్కు వస్తుంది.

విండోస్ రెండు మూడుసార్లు లేవలేకపోతే తనంతట తానే బాగుచేసుకునే తెర ఒకటి చూపిస్తుంది. అందులో "స్టార్టప్ రిపేర్" అని ఉంటుంది. ముందు అది నొక్కి చూడాలి. "సేఫ్ మోడ్" అని ఇంకొకటి ఉంటుంది. జ్వరం వచ్చిన మనిషికి కూరలు, పచ్చళ్ళు మాని గంజి పోస్తారు కదా! సేఫ్ మోడ్ కూడా అంతే. అన్ని ప్రోగ్రాములనూ లేపకుండా తప్పనిసరి వాటితోనే లాప్‌టాప్ నడుస్తుంది. అట్లా లేస్తే యంత్రం బాగానే ఉందనుకోవచ్చు. తర్వాత వచ్చి చేరిన ప్రోగ్రాము ఏదో అడ్డుపడుతోందన్న మాట. అదేదో చూసి తీసేయవచ్చు.

ఒక్కరోజులో 85 లక్షల కంప్యూటర్లు

ఇది ఒక్క ఇంట్లో వచ్చే కష్టం కాదు. 2024 జూలై 19న ప్రపంచమంతా ఇదే కష్టం వచ్చింది. ఆ రోజు సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు లేవలేదు. నీలం తెర చూపించి ఆగిపోయాయి. బ్యాంకులు, ఆసుపత్రులు, విమానాశ్రయాలు తిప్పలు పడ్డాయి.

అన్ని కంప్యూటర్లూ ఒక్కరోజే చెడిపోయాయా? లేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ కంప్యూటర్లకు కాపలా కాసే ప్రోగ్రాము తయారుచేస్తుంది. ఆ ప్రోగ్రాముకు పంపిన ఒక చిన్న ఫైలులో తప్పు ఉంది. కాపలా కుక్క ఇంటివాళ్ళనే లోపలికి రానివ్వనట్టు అయింది. చాలాచోట్ల కంప్యూటర్‌ను సేఫ్ మోడ్‌లో లేపి ఆ ఒక్క ఫైలును తీసేశారు. కంప్యూటర్ మామూలుగా లేచింది. తప్పు యంత్రాలది కాదు.

ఆ రోజు మన దేశంలో కూడా విమానాలు ఆలస్యమయ్యాయి. హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయంలో కంప్యూటర్ పని చేయక కొందరికి బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. కంప్యూటర్ ఆగినప్పుడు చేతిరాతే పని నడిపించింది.

"అంతా చెరిపేయాలి"

లీడరమ్మ ఇంట్లో స్టార్టప్ రిపేర్ పని చేయలేదు. లోపలినుంచి "టక్, టక్" అని సన్నటి చప్పుడు వస్తోంది.

పాత లాప్‌టాప్‌లలో డిస్క్ లోపల రేకు గిర్రున తిరుగుతుంది. అట్లాంటి డిస్క్ "టక్ టక్" మంటే అది చివరి రోజుల్లో ఉందని అర్థం. ఇక పదేపదే ఆన్ చేయకూడదు. ఆన్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పాడవుతుంది. కొత్త రకం డిస్క్‌ను ఎస్ఎస్‌డీ అంటారు. అందులో తిరిగేది ఏమీ ఉండదు. చప్పుడు కూడా రాదు.

తల్లి లాప్‌టాప్ ఆపించింది. మీటింగు రెండు రోజులు వాయిదా వేయమని సంఘంలో అడిగింది. ఎందుకో దాచకుండా చెప్పింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ టౌనుకు పోయారు.

మొదటి షాపులో అబ్బాయి అక్షరాల ఫోటో కూడా చూడలేదు. "ఫార్మాట్ కొట్టాలి అక్కా. సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు.

"ఫార్మాట్ అంటే ఏంటి తమ్ముడూ?" అని అడిగింది తల్లి.

"అంతా చెరిపేసి విండోస్ కొత్తగా ఎక్కిస్తాం."

"లోపల మా సంఘం లెక్కలు ఉన్నాయి. అవి కూడా పోతాయా?"

"పోతాయి మరి."

"అయితే వద్దు" అని తల్లి లాప్‌టాప్ వెనక్కు తీసుకుంది.

ఆమె అడిగిన ప్రశ్న చాలా పెద్దది. లాప్‌టాప్ వేరు, అందులో దాచినవి వేరు. గాదె పాడైతే ముందు ధాన్యం బయటకు తీస్తారు. తర్వాతే గాదెకు పని చేస్తారు. ధాన్యంతో సహా తగలబెట్టరు. లాప్‌టాప్ విషయం కూడా ఇంతే. యంత్రం మళ్ళీ కొనవచ్చు. నాలుగు నెలల లెక్క ఏ షాపులో దొరుకుతుంది?

విండోస్‌లోనే "రీసెట్" అని ఒకటి ఉంటుంది. దాంట్లో రెండు దారులు ఉంటాయి. "కీప్ మై ఫైల్స్" అంటే దాచినవి ఉంచుతుంది, ఎక్కించిన ప్రోగ్రాములు మాత్రం పోతాయి. "రిమూవ్ ఎవ్రీథింగ్" అంటే అన్నీ పోతాయి. చదవకుండా నొక్కకూడదు.

కొన్ని లాప్‌టాప్‌లలో డిస్క్‌కు బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. తప్పు వచ్చినప్పుడు అది 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. చాలామందికి అది వాళ్ళ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. లాప్‌టాప్ బాగున్నప్పుడే దాన్ని చూసి కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

షాపులో ఏం అడగాలి?

రెండో షాపులో ఒక పెద్దాయన ఉన్నాడు. కూతురు ఫోటో చూపించింది. తల్లి చప్పుడు సంగతి చెప్పింది. ఆయన డిస్క్ బయటకు తీశాడు. దాన్ని ఇంకొక కంప్యూటర్‌కు తగిలించాడు. ఉన్న ఫైళ్ళను మెల్లగా వేరే డిస్క్‌లోకి తీశాడు. తర్వాత లాప్‌టాప్‌లో కొత్త డిస్క్ వేశాడు.

సంఘం లెక్కలు వచ్చాయి. కాలేజీ పని వచ్చింది. కొన్ని ఫోటోలు మాత్రం రాలేదు. డిస్క్ ఇంకా పాడై ఉంటే లెక్కలు కూడా రాకపోయేవి.

లాప్‌టాప్‌ను షాపులో ఇచ్చేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోవాలి.

ఏం జరిగిందో వరుసగా చెప్పాలి. ఎక్కడ ఆగింది, ఏ అక్షరాలు వచ్చాయి, ఏ చప్పుడు వచ్చింది అని చెప్పాలి. "పనిచేయడం లేదు" అంటే చాలదు.

"లోపల ఉన్నవి ముందు తీసి ఇవ్వండి. నన్ను అడక్కుండా ఏదీ చెరపవద్దు" అని చెప్పాలి. ఆ మాట రసీదు మీద రాయించుకోవాలి.

ఎంత అవుతుందో ముందే అడగాలి. రసీదు మీద తేదీ, లాప్‌టాప్ నంబరు ఉండాలి. కొత్త భాగం వేస్తే పాతది చూపించమనాలి.

కొత్త లాప్‌టాప్ అయితే ముందు వారంటీ ఉందా చూడాలి. ఉంటే బిల్లు తీసుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పోవాలి. అందుకే బిల్లు పారేయకూడదు.

షాపులో పాస్‌వర్డ్ చెప్పవలసి వస్తే పని అయ్యాక మార్చుకోవాలి.

ఫోన్లో వెతికితే దొరికే "హెల్ప్‌లైన్" నంబర్లన్నీ నిజమైనవి కావు. కంపెనీ కాగితాల మీద ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

సంఘం చేసిన తీర్మానం

రెండు రోజుల తర్వాత మీటింగు జరిగింది. లీడరమ్మ జరిగిందంతా చెప్పింది. రెండు వాయిదాలు కట్టినామె తన లెక్క తెరమీద చూసుకుంది. ఊపిరి పీల్చుకుంది.

"తప్పు లాప్‌టాప్‌ది కాదు. పుస్తకం మానేయడం మన తప్పు" అంది లీడరమ్మ.

సంఘం మూడు తీర్మానాలు చేసింది. ఒకటి, ప్రతి మీటింగులో లెక్క పుస్తకంలో రాయాలి, కట్టినామె సంతకం చేయాలి. రెండు, అదే రోజు లాప్‌టాప్‌లో ఎక్కించాలి. మూడు, ఎక్కించిన లెక్కను పెన్‌డ్రైవ్‌లోకి కూడా తీసి సంఘం పెట్టెలో పెట్టాలి.

ఒకే చోట దాచింది ఒకే దెబ్బకు పోతుంది. రెండు చోట్ల దాస్తే ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. విత్తనాలు దాచుకునే ఇళ్ళకు ఈ మాట కొత్తది కాదు.

తీర్మానం రాశాక అందరూ వంతులవారీగా సంతకాలు పెట్టారు. రెండు వాయిదాలు కట్టినామె పోయిన ఏడాది దాకా వేలిముద్ర వేసేది. ఇప్పుడు తన పేరు తానే రాసింది. రాసి, పైన ఉన్న తన లెక్క ఇంకోసారి చదువుకుంది.

గుర్తుపెట్టుకోండి

లాప్‌టాప్ లేవకపోతే ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడాలి.
ముందు సాకెట్, తర్వాత చార్జర్, తర్వాత బ్యాటరీ చూడాలి.
తెరమీద వచ్చిన అక్షరాలను ఫోటో తీయాలి, లేదా రాసుకోవాలి.
డిస్క్ "టక్ టక్" మంటే వెంటనే ఆపేయాలి.
బ్యాటరీ ఉబ్బితే ముట్టుకోకుండా షాపు మనిషిని అడగాలి.
లోపల ఉన్నవి తీయకుండా ఫార్మాట్‌కు ఒప్పుకోకూడదు.

మాట్లాడుకోండి

మీ సంఘం లెక్కలు ఎన్ని చోట్ల ఉన్నాయి?
మీ ఇంట్లో సెల్‌ఫోన్ గానీ, లాప్‌టాప్ గానీ ఈ రోజు ఆగిపోతే ఏమేమి పోతాయి?
మీ ఇంట్లో ఉన్న చార్జర్ మీద అంకెలు చదవండి. ఎన్ని వోల్టులు అని ఉంది?